పడమటి గోడకు నల్లబండ

నేను చేసిన ఉద్యోగానికి కాగితం మీద సైట్ ఇంజనీర్ అని పేరు. అసలు చేసింది వేరు. ముక్కాలు వంతు పూర్తయిన ఇంటి ముందు నిలబడి, "ఈ గోడకు ఈ పూత వద్దు, ఆ రాయి కావాలి" అనేవాళ్లతో మాట్లాడటమే నా పని. కర్నూలులో మొదలుపెట్టి కడపలో ముగించాను. ఎన్ని ఇళ్లు కట్టించానో లెక్క పెట్టుకోలేదు గానీ, ఇంటి ముందు నాతో గొడవ పడినవాళ్ల మొహాలు మాత్రం బాగా గుర్తున్నాయి. వాళ్లలో చాలామంది తర్వాత స్నేహితులయ్యారు. ఒకరిద్దరు ఇప్పటికీ నేను కనబడితే పక్క సందులోకి తిరిగిపోతారు.

మా చెల్లెలి కూతురు ఈమధ్యే ఒక ఇళ్ల కంపెనీలో చేరింది. పునాదుల దగ్గర వేస్తారని ఆశపడితే, తాళాలు ఇచ్చే ముందు జరిగే పైపనులు చూసుకోమన్నారట. "పెద్దమ్మా, సున్నాలూ రంగులూ చూసేదానికా నేను సదివింది?" అని ఫోన్లో ఒకటే గొణుగుడు. పునాది తప్పయితే ఇల్లు కూలుతుంది, పైపూత తప్పయితే ఏమవుతుందని దాని వాదన. నేను చెప్పిన జవాబు దానికి నచ్చలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దాని ఈడు పిల్లలు ఇంకెవరైనా చదివినా సంతోషమే.

గోడ ఎవరిది?

కొత్త ఇల్లు కొనేవాళ్లు లోపల ఏం మార్చుకున్నా ఎవరికీ పట్టదు. వంటగట్టు ఎత్తు తగ్గించమంటారు, దేవుని గూడు ఈశాన్యానికి జరపమంటారు. చేసి ఇస్తాం. బయటి గోడ దగ్గరికి వచ్చేసరికి తగాదా మొదలవుతుంది. కొన్నాయన నా గోడ అంటాడు. వరసంతా ఒకేలా కనబడాలి కాబట్టి మా మాట వినాలని కంపెనీ అంటుంది. వీళ్లిద్దరూ వాదులాడుకుంటూ ఉంటే ఎండ తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. మా రెండు జిల్లాల్లోనూ చివరికి చెల్లేది ఎండ మాటే. ఈ సంగతి బ్రోచర్లో ఎవరూ వేయరు. బ్రోచర్లోని బొమ్మల్లో ఎప్పుడూ ఉదయం ఏడు గంటల ఎండే ఉంటుంది, ఇంటి పక్కన మన ఊళ్లో బతకని చెట్లు రెండు ఉంటాయి.

అన్ని మార్పులూ ఒకటి కాదు. బనగానపల్లె నుంచి వచ్చిన ఒక మామిడికాయల వ్యాపారి తన ఇంటికి బాగా పండిన మామిడిపండు రంగు కావాలన్నాడు. మా లేఔట్ అంతా లేత బూడిద రంగు. మా యజమాని శివశంకర్ రెడ్డి నాకన్నా వయసులో చిన్నవాడు, నన్ను అక్కా అనే పిలిచేవాడు. "ఏమక్కా, ఇంతమంది సూట్లు ఏసుకోని నిలబడితే మధ్యలో ఒకడు పసుపు పంచె కట్టినట్టు ఉంటాది గదా" అని తల పట్టుకున్నాడు. "రంగే కదా, నచ్చకపోతే వచ్చే దసరాకు మార్చుకుంటాడు" అని నేను ఒప్పించాను. ఇప్పుడు ఆటోవాళ్లందరికీ ఆ ఇల్లే గుర్తు. మా యజమాని కూడా ఎవరికైనా దారి చెప్పాల్సి వస్తే "మామిడిపండు ఇల్లు దాటినాక ఎడమకు తిరుగు" అనే చెబుతాడు. అందుకని, రంగు అడిగితే ఎక్కువ వాదించకండి.

గోడకు అతికించే వాటి సంగతి అట్లా కాదు. రంగు వేసేసిన గోడ మీదే టైల్స్ అంటించమని ఒకాయన ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టాడు. గోడ గీకి గరుకు చేయాలి, దానికి టైము పడుతుందంటే వినలేదు, బయటినుంచి మేస్త్రీని తెచ్చుకున్నాడు. గృహప్రవేశం అయిన నెలకే అవన్నీ ఊడి ఆయన కొత్త స్కూటర్ మీదే పడ్డాయి. బయట ఏం మార్చాలన్నా ప్లాస్టరింగ్ మొదలు కాకముందే చెప్పమని అందరికీ చెప్పండి. చెప్పినా ఎవరూ చెప్పరు. అయినా మీరు చెబుతూనే ఉండండి.

సుబ్బరాయుడన్న కోరిక

ఇక అసలు కథ. కడప నుంచి కమలాపురం పోయే దారిలో మా లేఔట్ ఉండేది. అందులో పడమటి ముఖం వరస అమ్ముడుపోవడం ఎప్పుడూ కష్టమే. అందరికీ తూర్పు వాకిలే కావాలి. ఆ పడమటి వరసలో మొదటి ఇల్లు తీసుకున్నది సుబ్బరాయుడు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కుర్చీ చూపించినా కూర్చునేవాడు కాదు. ఆఫీసు తలుపు చట్రం పట్టుకుని, బస్సు ఇప్పుడో అప్పుడో బ్రేకు వేస్తుందన్నట్టు నిలబడే మాట్లాడేవాడు.

గోడలు లేచి, ప్లాస్టరింగ్ ఇంకా మొదలుకాని రోజుల్లో ఒకసారి వచ్చాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి, అడగాల్సిన టైములోనే అడిగాడు.

"ఇంజనీరమ్మా, మా ముందరి గోడకు ఆ తెల్లపూత వద్దు. కిందినుంచి పైదాకా మన నల్లబండ ఏపించు. పాలిష్ పట్టింది."

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? సల్లగుంటాది."

ఈ మాట అర్థం కావాలంటే మీరు మా వైపు పుట్టి ఉండాలి. ఆ నల్లబండనే కడప బండ అంటాం. అది పరిచిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఎండాకాలం మధ్యాహ్నం అంటే ఆ బండే గుర్తొస్తుంది. చొక్కా విప్పి వీపు ఆనిస్తే ఒళ్లంతా హాయిగా ఉంటుంది. చాప కూడా వేయనివ్వరు, చాప వేస్తే ఆ చల్లదనం పోతుందని. సుబ్బరాయుడు పుట్టిన ఊరు కమలాపురం పక్కనే. "మాయమ్మ మమ్మల్నందర్నీ వరసగా బండ మీద పండబెడతాండె. ఎంత ఎండ గానీ, ఒళ్లు ఆనించినామంటే నిద్ర పడతాండె. అట్లాంటి బండ గోడకే ఉంటే ఇల్లంతా సల్లగుండదా?" అని ఆయన ప్రశ్న.

నేను చెప్పాల్సింది చెప్పాను. "అన్నా, మీ ఇంట్లో బండ నీడలో ఉండేది. దాని కింద నేల ఉండేది. ఇది పడమటి గోడ. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండ నేరుగా కొడుతుంది. నల్లరాయి ఆ ఎండనంతా తాగి, తర్వాత మెల్లగా గదిలోకి వదులుతుంది. ఇక్కడ తెల్లటి గరుకు పూతే మంచిది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రాయి గుణం యాడికి పోతాదమ్మా? పండబెడితే సల్లగుండేది నిలబెడితే కాలుతాదా?"

వేరే ఊరివాళ్లు ఇదే తప్పు చేస్తే దర్జా కోసం చేస్తారు. వాళ్లకు నచ్చజెప్పడం తేలిక, ఇంకో దర్జా చూపిస్తే సరిపోతుంది. సుబ్బరాయుడు తన ఒంటికి తెలిసిన నిజాన్ని పట్టుకుని చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి వీపుకు తెలిసిన సంగతిని ఇంజనీరు నోటిమాటతో చెరిపేయడం ఎవరి వల్లా కాదు. యజమాని కూడా ఆయన పక్షమే చేరాడు. "అడిగినాడు గదక్కా, సూసేదానికి భలే ఉంటాది, ఏసియ్యి" అన్నాడు. సుబ్బరాయుడు ఎర్రగుంట్లలో బండలు తీసే చోటి దాకా పోయి ఒక్కో బండా తట్టి చూసి తెచ్చుకున్నాడు. మా మేస్త్రీలు శ్రద్ధగా అతికించారు. నిజం చెప్పాలంటే ఇల్లు చాలా అందంగా వచ్చింది. చలికాలంలో గృహప్రవేశం. వచ్చినవాళ్లంతా ముందరి గోడ మీద చెయ్యి వేసి "అబ్బా, ఎంత సల్లగుండాది" అన్నారు. సుబ్బరాయుడు నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

రామలక్ష్మమ్మ ఇల్లు ఎందుకు కొనిపించింది

ఆయన భార్య రామలక్ష్మమ్మ గోడ గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఎండాకాలం లోపల తాళాలు చేతికి రావాలి. ఎప్పుడు సైటుకు వచ్చినా అదే అడిగేది. నేను ఒకరోజు విసుక్కుంటే, ఇసుక గుట్ట మీద కూర్చుని కారణం చెప్పింది.

ఆమెకు ఇద్దరు కూతుళ్లు. పెద్దకూతురి మొదటి కాన్పప్పుడు వాళ్లు బాడుగకు ఉన్నది రేకుల ఇల్లు. ఎండాకాలం. ఆస్పత్రి నుంచి బిడ్డను తెచ్చుకున్న కొద్దిరోజులకే ఆ వేడికి బిడ్డ వడిలిపోయి జ్వరం పట్టుకుంది. మళ్లీ ఆస్పత్రి. విషయం తెలిసి అత్తగారివాళ్లు కారు తీసుకుని వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోయారు.

"మూడో నెలలో సారె పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి నేను పంపియ్యల్ల. అట్లాంటిది నా ఇంట్లోనుంచి నా బిడ్డను సెయ్యి పట్టుకోని తీసకపాయిరి. వాళ్లను తప్పు పట్టేదానికి లేదమ్మా. ఆ ఇంట్లో ఉంటే బిడ్డ దక్కేది కాదు. అది తల్సుకుంటే ఇప్పుటికీ నాకు అన్నం దిగదు" అంది. కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే కారనిచ్చింది. "ఇప్పుడు సిన్నది సరస్వతి కడుపుతో ఉండాది. వైశాఖంలో కాన్పు. ఈ తూరి బిడ్డ నా ఇంట్లోనే ఉండల్ల. నేను పంపిచ్చేదాకా ఉండల్ల."

నేను ఆ రోజు నుంచి ఆ ఇంటి పని ముందు పెట్టించాను. ఇల్లు కొనేవాళ్లు ఏం కావాలో చెబుతారు, ఎందుకు కావాలో చెప్పరు. ఆ ఎందుకు అన్నది తెలుసుకోవడానికి ఇసుక గుట్ట మీద కాసేపు కూర్చోవాల్సి వస్తుంది. కూర్చోండి, బట్టలు దులుపుకుంటే పోతుంది.

ఎండలు ముదిరాక

శివరాత్రి పోయింది. ఉగాది దాటగానే కడపలో ఎండ ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. సరస్వతికి సీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకున్నారు. ఆమె అత్తగారు సుజాతమ్మది ప్రొద్దుటూరు, మాట మెత్తగానే ఉంటుంది. పోతూ పోతూ "ఎండలకు ఇబ్బందైతే సెప్పు వదినా, మేమే వచ్చి తీసకపోతాం, మా ఇంట్లో ఏసీ ఉండాది" అందట. సహాయం చేద్దామనే ఆమె ఉద్దేశం. రామలక్ష్మమ్మకు మాత్రం ఆ మాట గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత వారం తిరగకముందే రామలక్ష్మమ్మ మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒక్కసారి ఇంటికి రామ్మా. ఆ ముందర గదిలో ఉండలేకపోతాండాము" అంది. ఆ గదికే బాత్రూమ్ ఉంది కాబట్టి బాలింతకు ఆ గదే కావాలి. వెనక గది చిన్నది, బాత్రూమ్ లేదు.

సాయంత్రం పోయాను. గదిలోకి అడుగుపెట్టగానే రొట్టెలు కాల్చే పెనం దగ్గర నిలబడినట్టు అనిపించింది. లోపలి గోడ మీద చెయ్యి పెట్టి తీసేశాను. ఏం చేయాలో నాకు తెలుసు. బండ తీయాలి, ప్లాస్టరింగ్ మళ్లీ చేయాలి, తెల్లపూత వేయాలి, కిటికీ మీద నీడ పట్టే సజ్జ పొడుగు పెంచాలి. కాన్పు లోపల ఇవన్నీ చేయాలంటే యజమాని మేస్త్రీలను ఇవ్వాలి, సుబ్బరాయుడు ఒప్పుకోవాలి. రెండోదే ఎక్కువ కష్టమని నాకు అప్పుడే తెలుసు.

యజమాని మొదట ఒప్పుకోలేదు. "తాళాలు ఇచ్చినాక గోడ వాళ్లదక్కా. ఆయనే ఏపిచ్చుకున్నాడు గదా."

"నిజమే శివా. కానీ ఆ ఇల్లు చూసి అదే వరసలో ఇంకో ఇద్దరు నల్లబండ కావాలని చెప్పిపోయారు. వాళ్ల గోడలకు నువ్వు అది అతికిస్తే ఈ ఎండాకాలం చివరికి ఆ వరసంతా మనల్ని తిట్టుకుంటుంది. నా మాట వద్దు, ఒక్కసారి వచ్చి నీ చెయ్యి పెట్టి చూడు."

శివశంకర్ రెడ్డి మంచి బాస్ అని నేను చెప్పేది ఇందుకే. మాటలతో ఒప్పుకోడు గానీ, రమ్మంటే వస్తాడు. నేను పనిచేసిన వేరే ఇద్దరు యజమానులు ఏసీ గదిలోంచి కదలకుండానే ఎండ గురించి నాకు పాఠాలు చెప్పారు.

దీపాలు పెట్టే వేళ దాటాక యజమానీ, సుబ్బరాయుడూ, నేనూ ఆ గోడ ముందు నిలబడ్డాం. పొద్దు గూకి చాలాసేపయింది. వీధిలో గాలి కాస్త తిరిగింది. యజమాని అరచెయ్యి బండకు ఆనించి, ఉలిక్కిపడి తీసుకున్నాడు.

"ఎండ పోయి ఎంతసేపాయె, ఇంకా కాలుతాండాదే! మా గొడ్ల కొట్టం ఇంతకన్నా సల్లగుంటాదప్పా సుబ్బరాయుడా."

సుబ్బరాయుడి మొహం మాడిపోయింది. "ఇప్పుడు దీన్ని పీకిస్తే వీధిలో నేను తలెత్తుకోని తిరగల్లనా సార్? అందరికీ నేనే సెప్తి, బండ సల్లగుంటాదని. కూలర్ తెచ్చి పెడతా, సరిపోతాది."

లోపల్నుంచి రామలక్ష్మమ్మ వచ్చింది. "బాలింతకు కూలర్ గాలా? పుట్టిన బిడ్డకు కూలర్ గాలా? నీకేమన్నా తెలివుండాదా?"

అయినా ఆయన ఒప్పుకోలేదు. మేం తిరిగి వచ్చేశాం. మీరెంత తెలిసినవాళ్లయినా, తన ఇంటి ముందు నలుగురిలో ఒకరి చేత తప్పు ఒప్పించాలని చూడకండి. ఆ రోజు యజమానీ నేనూ కలిసి పోవడమే పొరపాటు. ఒక్కదాన్నే పోయి ఉంటే ఆయన ఆ మాట అని ఉండేవాడు కాదు.

తలుపు చట్రం దగ్గర

మర్నాడు ఉదయం ఆఫీసు తెరిచేసరికి సుబ్బరాయుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే చట్రం పట్టుకుని.  నేను టీ తెప్పించాను.

"పాప రాత్రి పరుపు లాక్కోని హాల్లోకి వచ్చి పండుకుంటాంది" అన్నాడు. ఆయనకు పాప అంటే సరస్వతే. "ఎందుకు పాపా ఈడ పండుకుంటివి అంటే, ఈడ గాలి బాగా వస్తాంది నాయనా అనె. హాల్లో గాలి యాడిదమ్మా? కిటికీ కూడా లేదు. నా మనసు నొప్పిస్తాదని అట్లనింది."

గ్లాసు చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"అంత కడుపేసుకోని పరుపు లాక్కుంటాంటే సూస్తి. సాలమ్మా. పీకించెయ్యి."

 ఆ మనిషి ఆ బండల్ని ఎంత ప్రేమగా ఏరి తెచ్చుకున్నాడో నాకు తెలుసు. అప్పుడు నాకు ఒక మాట తోచింది.

"అన్నా, నువ్వన్నది అబద్ధం కాదు. బండ చల్లగానే ఉంటుంది. మనం దాన్ని పెట్టకూడని చోట పెట్టాం. పగలకుండా తీయిస్తాను. మీ ఇంటి వెనక, తూర్పు వైపు వసారా ఉంది కదా, ఇంకా సిమెంటు నేలే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ పూర్తిగా నీడ. అక్కడ పరిపిద్దాం."

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత, నాకు తెలిసి మొదటిసారి, కుర్చీలో కూర్చుని టీ తాగాడు.

గోడ మార్చిన పని

సరస్వతిని ఒంటిమిట్టలో ఉన్న అక్క ఇంటికి పంపారు. దుమ్మూ చప్పుడూ గర్భిణికి మంచిది కాదు. అక్కడ రాములవారి కళ్యాణం రోజులు. "గుంపులోకి పోవాకు, ఇంట్లో కూర్చోనే మేళం ఇను" అని రామలక్ష్మమ్మ కారు కదిలేదాకా చెబుతూనే ఉంది. ఖర్చు ఎవరెంత అన్నది యజమానీ సుబ్బరాయుడూ మాట్లాడుకున్నారు. ఇద్దరూ నవ్వుతూనే బయటికి వచ్చారు కాబట్టి నేను వివరాలు అడగలేదు.

గట్టిగా అతుక్కున్న రాయిని తీయడం అతికించడం కన్నా కష్టం. పైవరస నుంచి మొదలుపెట్టి, అంచుల్లో కోసి, వెనక పలుగు దూర్చి మెల్లగా కదిలించాలి. ఎండ తగలకముందు ఉదయం పూట మాత్రమే పని. మేస్త్రీ ఒక్కో బండా వదులు చేసి ఇస్తుంటే కింద నిలబడి సుబ్బరాయుడే అందుకున్నాడు. కొన్ని విరిగాయి. విరిగిన ప్రతిసారీ ఆయన పళ్లు కొరికాడు గానీ ఒక్క మాట అనలేదు.

తర్వాత గోడకు కొత్త ప్లాస్టరింగ్, గరుకుగా. ఆ ఎండలో నీళ్లు ఆరిపోకుండా తడిపిన గోనెసంచులు కట్టించాం. తొందరపడి ఈ తడి మానేస్తే పూత బీటలు పడుతుంది, అప్పుడు చేసిందంతా వృథా. రామలక్ష్మమ్మ పొద్దున ముగ్గు వేసినంత నిష్ఠగా ఆ గోనెలు తడిపేది. ఆరాక తెల్లపూత వేశాం. కిటికీ మీద సజ్జ ముందుకు పెంచాం. గోడకు కొంచెం ఎడంగా వెదురు కట్టి సొరతీగ పాకించుకోమని చెప్పాను. తీగ ఈ ఎండాకాలానికి అందదు, వచ్చే ఎండాకాలానికి పనికొస్తుంది.

పని ముగిశాక అదే వేళకు యజమానితో సహా అందరం మళ్లీ చేతులు ఆనించాం. గది చల్లగా అయిపోయిందని నేను చెప్పను. వైశాఖ మాసంలో కడపలో ఏ గోడా చల్లగా ఉండదు. చెయ్యి పెడితే ఉంచగలిగాం. ఫ్యాను వేస్తే గాలి గాలిలాగే వచ్చింది. ఒక మనిషి పడుకోగలిగే గది అయింది.

నల్లబండ అడిగిన మిగతా ఇద్దరికీ యజమాని ఒక షరతు పెట్టాడు. ముందు వాళ్ల గోడ మీదే నాలుగు బండలు అతికిస్తాం, సాయంత్రం వచ్చి చెయ్యి ఆనించి చూడాలి, ఆ తర్వాతే మాట. దానికి 'సుబ్బరాయుడి పరీక్ష' అని తనే పేరు పెట్టాడు. ఒకరు చెయ్యి పెట్టి మారు మాట్లాడకుండా తెల్లపూతకు మారారు. ఇంకొకరు బండను ఎండ పడని ఉత్తరపు కాంపౌండు గోడకు వేయించుకున్నారు. నేను దిగిపోయేదాకా ఆ పద్ధతి నడిచింది. బయట ఏ పూత మార్చమని ఎవరు అడిగినా, మాటలతో వాదించకుండా ఆ గోడ మీదే కొంచెం వేసి చూపించేవాళ్లం. నువ్వు కూడా అట్లాగే చెయ్యి తల్లీ. మనుషులు ఇంజనీరు మాట కన్నా తమ అరచేతి మాట త్వరగా వింటారు.

పేరు పెట్టిన రోజు

అనుకున్నట్టే వైశాఖంలో సరస్వతికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు పేరు పెట్టే రోజు నన్నూ పిలిచారు. ఎండ ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వీధిలో కుక్క కూడా తిరగడం లేదు.

సరస్వతి అత్తగారు సుజాతమ్మ కారులో వచ్చింది. ఆ కారు వాకిట్లో ఆగగానే రామలక్ష్మమ్మ మొహం ఎట్లా పాలిపోయిందో నేను చూశాను. వెనక సీట్లో మెత్తటి పరుపు పరిచి ఉంది. బిడ్డను తీసుకుపోవడానికే వచ్చారని ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఎండలు తగ్గేదాకా మా ఇంట్లో ఉంటారులే వదినా" అని సుజాతమ్మ మెత్తగానే అంది.  రామలక్ష్మమ్మ ముందు అన్నం తినమంది.

తిన్నాక ఆడవాళ్లమంతా వెనక వసారాలో కూర్చున్నాం. సుబ్బరాయుడు ఏరి తెచ్చిన నల్లబండలు అక్కడ చక్కగా పరిచి ఉన్నాయి. విరిగిన ముక్కలు కూడా పారేయకుండా అంచులకు పెట్టించాడు. బొంత మీద బిడ్డ నిద్రపోతోంది, పక్కనే సరస్వతి. ఆమె ఒంట్లో అలసట ఉంది గానీ కళ్లలో దిగులు లేదు. సుజాతమ్మ గోడకు ఆనుకుని ప్రొద్దుటూరు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ కాళ్లు చాపింది. ఆ తర్వాత చీర కొంగు తల కింద పెట్టుకుని "ఒక్క నిమిషం నడుము వాలుస్తా వదినా" అంది. చాప తెస్తానంటే వద్దంది. "ఇట్లనే బాగుండాది" అని బండ మీద పక్కకు తిరిగింది.

అంతే. గురక మొదలైంది.

వాళ్లు తిరుగు ప్రయాణం అనుకున్న వేళ దాటిపోయింది. డ్రైవరు రెండుసార్లు వచ్చి తొంగి చూసిపోయాడు. ఎవరూ లేపలేదు. ఎండ వాలాక సుజాతమ్మ లేచి కూర్చుని, కళ్లు నులుముకుని, చుట్టూ చూసింది. బిడ్డ ఇంకా నిద్రలోనే ఉంది. ఆమె అరచేత్తో బండను ఒకసారి నిమిరింది.

"చిన్నప్పుడు మా అవ్వోళ్ల ఇంట్లో ఇట్ల పండుకుంటి వదినా. మళ్ల ఇప్పుడే" అంది. బిడ్డ వైపు చూసి, "మూడో నెలదాకా ఈడనే ఉండనీలే. అప్పుడు నువ్వే సారె పెట్టి పంపీ" అంది.

రామలక్ష్మమ్మ "కాఫీ పెడతా" అంటూ వంటింట్లోకి పోయింది. చాలాసేపటిదాకా గిన్నెల చప్పుడు వినబడలేదు. నేను వెనకాలే పోబోయి ఆగిపోయాను. ఆ ఏడుపు ఆమె ఒక్కతే ఏడవాల్సిన ఏడుపు.

నేను బయలుదేరేటప్పుడు సుబ్బరాయుడు వసారా గుమ్మం చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంజనీరమ్మా, సెప్పులు ఇడిసి ఒకసారి ఈడ కాలు పెట్టు" అన్నాడు. పెట్టాను. అంత ఎండలో కూడా అరికాలి నుంచి చల్లదనం పాకింది.

"ఇప్పుడు సెప్పు. బండ సల్లగుంటాదా, ఉండదా?"

"ఉంటుందన్నా."

ఆయన మీసం దువ్వుకున్నాడు.